పైకప్పు లోపలి ముఖం: నునుపా? గరుకా?

కొత్తగా ఇల్లు కట్టుకునే సభ్యులకు పాఠం

పాల బిల్లులు ఇచ్చే రోజున మా సంఘం వరండాలో మాటలు ఎక్కువగా దాణా గురించీ, వెన్న శాతం గురించీ, చూడి గేదెల గురించీ నడుస్తాయి. ఈ మధ్య మరో ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "స్లాబు వేశాం, సెంట్రింగు విప్పేశారు. సీలింగు నున్నగా చేయించమంటారా, గరుకు డిజైను కొట్టించమంటారా?" గజపతినగరం చుట్టుపక్కల గ్రామాలలో ఏ నెల చూసినా మన సభ్యులలో ఒకరిద్దరి ఇల్లు పనిలో ఉంటోంది. అడిగినవారికి విడివిడిగా చెప్పడం కంటే, మేము తెలుసుకున్నది ఒక పాఠంగా రాస్తే ఇతర సంఘాలవారికి కూడా ఉపయోగపడుతుందని తలచి ఇక్కడ రాస్తున్నాం.

ఇది పాడి పత్రికలో రాయవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. పూటకు రెండు మూడు లీటర్లు పోసి, ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఆ స్లాబులో ఉంది. ఆ డబ్బు చెమ్మకూ, తుప్పుకూ పోకుండా చూసుకోవడం కూడా పాడి లెక్కలోనిదే. పైగా ఆ స్లాబు కింద పిల్లలు నిద్రపోతారు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. కంటికి కనిపించే ముఖం నునుపుగా, తెల్లగా ఉండాలి. గరుకు కూడా కావాలి గాని, అది పూతకు లోపల, స్లాబు ఒంటి మీద ఉండాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. స్లాబు అడుగు నున్నగా ఉండగానే దాని మీద పూత పూసి, ఆ పూత పైన గరుకు డిజైను కొడుతున్నారు. దీనివల్ల కలిగే నష్టమేమిటో చూద్దాం.

పెద్దల నాటి పైకప్పులు

మన ప్రాంతపు తాటాకు చుట్టిల్లు ఎరగనివారు లేరు. ఆ ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుంటే వాసాలు, కట్లు, ఆకు అన్నీ కనిపించేవి. ఎక్కడ ఆకు కుళ్లిందో, ఎక్కడ వెలుతురు చుక్క పడుతోందో ఇంటివారికే తెలిసేది. వానలకు ముందు ఆ చోట కొత్త ఆకు కప్పేవారు. పెంకుటింట్లోనూ అంతే. పెంకు జరిగితే ఆకాశం కనిపించేది. కప్పు తన జబ్బు తానే చెప్పేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలికి ఆకు, రేకు నిలవలేదు. ఆ తరువాత స్లాబు ఇల్లే కావాలని పట్టుబట్టినవారు మన సభ్యులలో చాలామంది. వారి ఆలోచన సరైనదే. అయితే స్లాబు జబ్బు తాటాకు జబ్బులాగా బయటపడదు. స్లాబుకు బలం లోపలి ఇనుప చువ్వలలో ఉంది. ఆ చువ్వలకూ కింది గాలికీ మధ్య ఉండే కాంక్రీటు పొర చాలా పలచన. పొడి ప్రాంతాలలో కూడా అది కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతోంది. తేమ ఎక్కువగా ఉండేచోట ఇంకా ఎక్కువ కావాలి. పనిలో అశ్రద్ధ జరిగితే ఆ పొర వేలి మందం కూడా ఉండదు.

పైనుండి నీరు దిగి చువ్వకు తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అంతకు ముందున్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు లేక కింది కాంక్రీటును నెడుతుంది. మొదట చువ్వ పొడవునా వెంట్రుకంత చీలిక పడుతుంది. తరువాత పసుపు, గోధుమ రంగు చార కనిపిస్తుంది. ఆ తరువాత కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. చివరకు పెళ్ల ఊడి పడుతుంది. ఈ నాలుగు మెట్లలో మొదటి రెండూ నున్నని తెల్లని ముఖం మీద ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి. గరుకు ముఖం మీద నిజమైన చీలిక ఏదో, డిజైను గీత ఏదో మేస్త్రీ కూడా చెప్పలేడు.

గరుకు డిజైను ఎలా వచ్చింది?

గరుకు సీలింగు అమెరికాలో 1950ల నుండి 1980ల దాకా బాగా వాడుకలో ఉండేది. అక్కడి ఇళ్లలో ఎక్కువభాగం కలపతో కట్టినవి. పైన కాంక్రీటు స్లాబు ఉండదు. కలప దూలాలకు జిప్సం పలకలను బిగించి సీలింగు చేస్తారు. పలకకూ పలకకూ మధ్య అతుకు కనిపించకుండా నున్నగా చేయాలంటే పనితనం కావాలి, రోజులు పడతాయి. దాని బదులు పేలాల్లాంటి గరుకు పూత జల్లితే అతుకులు మరుగున పడతాయి, పని తొందరగా తెములుతుంది. గదిలో ప్రతిధ్వని కూడా కొంచెం తగ్గుతుంది.

ఆ పూతలలో కొన్నిటిలో ఆస్‌బెస్టాస్ నార కలిపేవారు. ఆ నార గాలిలో లేచి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. అలంకారం కోసం అలాంటి పూత జల్లడాన్ని అమెరికా ప్రభుత్వం 1978లో నిషేధించింది. అక్కడ పాత ఇల్లు కొనుక్కునే మన పిల్లలు ఈనాటికీ సీలింగు గోకించే ముందు దాని ముక్కను పరీక్షకు పంపవలసి వస్తోంది. ఇక్కడ పెయింటు షాపులో టెక్స్చర్ పేరుతో అమ్మే పూతలు వేరు. వాటిని చూసి ఆ భయం పెట్టుకోనక్కరలేదు. మేము చెప్పదలచినది ఒక్కటే. అతుకులు దాచడానికి పుట్టిన పద్ధతి అది. మన స్లాబు గది మొత్తానికి ఒకే పలక. అందులో దాచవలసిన అతుకు లేదు. అయినా దాచవలసినది ఏదో ఉందని మేస్త్రీ అంటే, అదేమిటో ముందు మనం చూడాలి.

మేము చూసిన ఒక ఇల్లు

మా సంఘ సభ్యుడొకరు కొన్నేళ్ల కిందట రెండు గదుల స్లాబు ఇల్లు కట్టారు. సెంట్రింగు విప్పగానే నడిమి గదిలో చేటంత మేర కంకర బయటపడి, తేనెపట్టులా బొరియలు కనిపించాయి. ఒకచోట చువ్వ కూడా పైకి తేలింది. కాంక్రీటు పోసేటప్పుడు అక్కడ సరిగా కూరలేదన్నమాట. గృహప్రవేశం ముహూర్తం పన్నెండు రోజులలో ఉంది. చుట్టాలకు కబురు వెళ్లిపోయింది. "గరుకు డిజైను కొట్టేస్తే ఏమీ కనపడదండి, పైగా అందంగా ఉంటుంది" అని మేస్త్రీ అన్నాడు. సభ్యుడు సరేనన్నారు. గృహప్రవేశానికి మేమూ వెళ్లాం. పాలు పొంగించారు. సీలింగు చూసి బాగుందని మేమే మెచ్చుకున్నాం. అది మా తప్పు.

మూడు వానాకాలాలు గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆ నడిమి గదిలో మంచం మీద గంపెడు పెళ్ల పడింది. ఆ మంచం మీద పడుకునే పాప ఆ వేళ తల్లి కొంగు పట్టుకుని పాల కేంద్రానికి వచ్చి, మా బల్ల దగ్గరే నిలబడి ఉంది. కబురు విని అందరం పరుగెత్తాం. పడినచోట చువ్వలు నల్లగా, పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. చుట్టూ కర్రతో కొట్టి చూస్తే ఆ గది సీలింగులో మూడోవంతు డొల్లగా మోగింది. అన్ని నెలల పాటు ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క మరక కూడా కంటబడలేదు. ముసలమ్మగారు గుమ్మంలో కూలబడి, "మీదికి ముగ్గులాగుందర్రా అనుకున్నాం. లోపల పుండుందని ఎవులికి తెలుసు?" అన్నారు.

ఆ సభ్యుడు ఆ గదికి పెట్టిన మరమ్మతు ఖర్చు మొదట సీలింగుకు పెట్టినదానికి ఎన్నో రెట్లు. పాడి గేదెను అమ్మవలసి వచ్చింది. ఆ రోజు నుండి ఈ విషయం మా సంఘంలో పాఠమైంది.

పాలకాను చెప్పే మాట

మనకు ఇది కొత్త సంగతి కాదు. పాలకాను లోపల నున్నగా ఎందుకు ఉండాలో ప్రతి సభ్యుడికీ తెలుసు. గీతలు పడిన కానులో, సొట్టలు పడిన కానులో పాలజిడ్డు చేరుతుంది. ఎంత కడిగినా పోదు. అది గట్టిపడి పాలరాయి అవుతుంది. దానిలో చేరిన సూక్ష్మజీవులు తరువాతి పూట పాలను విరిచేస్తాయి. నున్నని కాను అయితే ఒక చూపుతో శుభ్రంగా ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

సీలింగుకు కూడా అదే సూత్రం. మన ఇళ్లలో పిడకల దాలి పొగ ఉంటుంది. సాయంత్రం పశువుల దగ్గర దోమలకు వేసే పొగ ఉంటుంది. మసి, బూజు, పురుగుల గూళ్లు గరుకు ముఖానికి పట్టుకుంటే బూజుకర్ర ఆ బుడిపెలకు తగిలి ఆగిపోతుంది. గట్టిగా గీరితే డిజైను రాలుతుంది. నున్నని ముఖాన్ని ఏటా ఒకసారి దులిపి సున్నం వేస్తే మళ్లీ కొత్తదే. తెల్లని నున్నని సీలింగు కిటికీలోంచి వచ్చే వెలుతురును గదిలోకి తిప్పి పంపుతుంది. గరుకు బుడిపెలు దేనికదే చిన్న నీడ వేసుకుని గదిని మసక చేస్తాయి.

గరుకు ఉండవలసిన చోటు

సెంట్రింగుకు ఇనుప పలకలు వాడితే స్లాబు అడుగు అద్దంలా వస్తుంది. దాని మీద నేరుగా సిమెంటు పూత పూస్తే పట్టు దొరకదు. నాలుగు రోజులు నిలిచినట్టే ఉండి తరువాత పెచ్చులుగా ఊడుతుంది. అందుకే సెంట్రింగు విప్పిన వెంటనే, కాంక్రీటు మరీ రాయి కాకముందే, అడుగంతా ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టించాలి. దీనినే మేస్త్రీలు హ్యాకింగ్ అంటారు. కూలి మిగులుతుందని ఎగ్గొట్టే పని ఇదే. దగ్గరుండి చేయించాలి.

పూత మందం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. సీలింగుకు సాధారణంగా 6 మిల్లీమీటర్ల పూత చాలు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు సన్న ఇసుక కలుపుతారు. ఆ 6 మిల్లీమీటర్ల పూత చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు తూగుతుంది. స్లాబు వంకర సరిచేయడానికని దానిని 20 మిల్లీమీటర్లు చేస్తే చదరపు మీటరుకు సుమారు 40 కిలోలు అవుతుంది. అంటే ప్రతి చదరపు మీటరుకూ ఒక 40 లీటర్ల కానులోని పాలంత బరువు తలమీద వేలాడుతున్నట్టే. కనుక వంకరను పూతతో కాదు, సెంట్రింగు కట్టేటప్పుడే మట్టం చూసి సరిచేయాలి.

పని చేయించే వరుస

1. కాంక్రీటు పోసే ముందు చువ్వల కింద కవరు బిళ్లలు పెట్టారో లేదో మనమే వంగి చూడాలి. రాతి ముక్కలు, కర్ర ముక్కలు పెట్టనివ్వకూడదు. కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటరు తప్పనిసరి.

2. స్లాబు మీద మళ్లు కట్టి నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండలు ముదిరినప్పుడు 10 రోజులు నిలపాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటు అయితే 14 రోజులు నిలపడం మంచిది.

3. నాలుగున్నర మీటర్ల లోపు గదికి ఆనుడు కర్రలను 7 రోజుల లోపు, అంతకంటే పెద్ద గదికి 14 రోజుల లోపు తీయకూడదు. బూడిద సిమెంటుకు ఇంకొన్ని రోజులు ఆగాలి.

4. సెంట్రింగు విప్పిన తరువాత మరో రెండు రోజులు పైన నీరు నిలిపి, కింద నిలబడి సీలింగు చూడాలి. ఎక్కడ చెమ్మ దిగితే అక్కడ బొగ్గుతో గుండ్రంగా గీయాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు. పూత పూసేశాక ఈ అవకాశం మళ్లీ రాదు.

5. బొరియలు ఉంటే వదులు కంకర అంతా ఉలితో తీసేసి, కడిగి, సిమెంటు పాలు పూసి, చిక్కని సిమెంటు మాలుతో కూరించాలి. చువ్వ బయటపడినా, బొరియ లోతుగా ఉన్నా మేస్త్రీ మాట మీద వదలకుండా ఇంజనీరుకు చూపించాలి.

6. గాట్లు పెట్టించి, దుమ్ము కడిగించి, తడి మీద పూత పూయించాలి. చంపావతి ఇసుకైనా, మరే ఏటి ఇసుకైనా జల్లించి, మట్టి లేకుండా చూసి వాడాలి. పూతను కూడా వారం రోజులు తడపాలి.

7. పూత పూర్తిగా ఆరిన తరువాతే సున్నం గాని, పుట్టీ గాని వేయాలి. డబ్బు తక్కువైతే గుడ్డలో వడగట్టిన సున్నానికి కొంచెం బంక, చిటికెడు నీలిమందు కలిపి వేస్తే చాలు. సున్నపు కారానికి బూజు తొందరగా పట్టదు. పుట్టీ వేస్తే తెల్ల సిమెంటు పుట్టీ రెండు పలచని పూతలుగా వేయించాలి. వంటగదిలో, స్నానాల గదిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దు. చెమ్మకు అది మెత్తబడుతుంది.

8. రంగు మెరుపు లేనిది ఎంచుకోవాలి. మెరిసే రంగు వేస్తే చిన్న ఎత్తుపల్లాలు కూడా వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నునుపుకు ఉన్న లోపాలు

నునుపు పనికి మంచి చేతివాటం గల మేస్త్రీ కావాలి. రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. పనిలోని ప్రతి లోపమూ కనిపిస్తుంది. మేము నునుపును కోరడానికి ఆ చివరి గుణమే కారణం గనుక దానిని దోషంగా లెక్కపెట్టడం లేదు. గరుకు మీద మోజు ఉన్నవారు దానిని వరండా గోడకో, ముందు గది గోడ ఒకదానికో చేయించుకోవచ్చు. మీద మరో అంతస్తు ఉండి, వాన తగలని సీలింగుకు చేయించినా ప్రమాదం తక్కువ. వాన నేరుగా పడే స్లాబు కింద, పడుకునే గదిలో, వంటగదిలో మాత్రం వద్దని మా సలహా.

ఇప్పటికే గరుకు చేయించినవారు

భయపడి అంతా గోకించనవసరం లేదు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపానుల తరువాత ఒకసారి నిచ్చెన వేసుకుని పొడుగు కర్రతో సీలింగును మెల్లగా తట్టుతూ గది అంతా తిరగండి. తట్టేచోటుకు నేరుగా కింద నిలబడవద్దు, పిల్లలను దూరంగా ఉంచండి. గట్టిగా మోగినచోట దిగులు లేదు. డొల్లగా మోగినచోట మంచం తీసేసి, ఆ మేర పూత దింపించి చువ్వను చూడండి. మేడ మీద తూములలో ఆకులు అడ్డుపడి నీరు నిలుస్తోందేమో కూడా చూడండి. చాలా స్లాబుల జబ్బు అక్కడే మొదలవుతుంది.

మరొక మాట. మేము చూసిన ఇంట్లో తప్పంతా మేస్త్రీదే అని అనలేం. ముహూర్తం దగ్గర పడుతోందన్న తొందర ఆ బొరియను కప్పించింది. సెంట్రింగు విప్పి, నీటి పరీక్ష అయి, సీలింగును అందరూ కళ్లారా చూసిన తరువాతే పంతులుగారి దగ్గరకు ముహూర్తానికి వెళ్లాలని మా సంఘంలో ఇప్పుడు ఇల్లు కట్టేవారికి చెబుతున్నాం. కొందరు వింటున్నారు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ పాల సేకరణ గది సీలింగును చివరిసారి ఎప్పుడు తట్టి చూశారు? కింద సభ్యులు వరుసగా నిలబడే చోట చెమ్మ ఉందా?

2. మీ గ్రామంలో ఈ ఏడు స్లాబు వేసిన సభ్యులు ఎందరు? వారిలో పూతకు ముందు నీటి పరీక్ష చేయించినవారు ఎందరు?

3. ఇల్లు కడుతున్న సభ్యుని వెంట సెంట్రింగు విప్పే రోజున వెళ్లి చూడడానికి పని తెలిసిన ఇద్దరిని సంఘం తరఫున నియమించగలమా?